సరే డ్రైవరు మెడ

ఒక మనిషికి మెడ పోయింది. గొడుగు పోయినట్టు, చెప్పు పోయినట్టు పోయింది. అంతవరకూ తలకీ ఒంటికీ మధ్య నిక్షేపంలా ఉన్న మెడ, చలికాలం సెలవులు దగ్గరపడేకొద్దీ కొంచెం కొంచెంగా కూరుకుపోయింది. ఆఖరికి భుజాల మీద తల తెచ్చి బోర్లించినట్టు తయారైంది.

ఆ మనిషి బస్సు డ్రైవరు. డిపోలో అతన్ని పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు, అందరికీ సరే డ్రైవరే. ఎవరు ఏమడిగినా సరే అంటాడు మరి. ఒకసారి బస్సెక్కిన ఆవిడెవరో చంటిదాన్ని ఒళ్ళో పెట్టి కాస్త చూడన్నా అంటే సరే అన్నాడు. పిల్లని చంకనేసుకుని దారి పొడుగునా బస్సు నడిపాడు. గేర్లు ఆ పిల్లే వేసిందని కండక్టరు చెప్తాడు. కండక్టరు మాట సగం తీసేసి వినాలి. సగం తీసేసినా రెండు గేర్లు వేసినట్టే.

సెలవులొస్తే జనానికి పూనకం వస్తుంది కదా. ఎక్కడున్నవాడు అక్కడ ఉండడు. ఇక్కడివాళ్ళంతా అక్కడికి, అక్కడివాళ్ళంతా ఇక్కడికి, అందరూ కలిసి సరే డ్రైవరు బస్సులోకి. డిపో మేనేజరు ఇంకో ట్రిప్పు వేస్తావా అన్నాడు. సరే. పక్క బస్సు డ్రైవరు, మా ఆవిడ తమ్ముడు వస్తున్నాడు నా డ్యూటీ కూడా నువ్వే చెయ్యన్నాడు. సరే. ఎదురింటాయన మా కుక్కని సెలవులయ్యేదాకా చూడమన్నాడు. సరే. అతని భార్య టైలరమ్మ. సెలవుల ముందు ఊరందరికీ కొత్త బట్టలు ఒకేసారి గుర్తొస్తాయి కాబట్టి ఆవిడ పీకల్లోతు కోట్లలో, స్వెట్టర్లలో మునిగిపోయి, వస్తూ వస్తూ బొత్తాలు తెండి, దారం తెండి, కూర కూడా మీరే వండండి అంది. దానికీ సరే.

ఇంతలో పెద్దక్క ఫోను చేసింది. తల్లి తర్వాత తల్లంతటిది, అతన్ని చిన్నప్పుడు నడుం మీద మోసి మోసి ఒక పక్కకి వంగిపోయిన మనిషి. ఏరా తమ్ముడూ, సెలవులకి మమ్మల్ని రమ్మంటావా అని అడిగింది. ఇతను ఏమంటాడో చెప్పాలా?

మెడ పోయిన సంగతి ముందు కనిపెట్టింది టైలరమ్మే. మొగుడికి చలికోటు కుడదామని టేపు తీసుకుంది. ఛాతీ కొలిచింది, చేయి కొలిచింది, కాలరు కోసం టేపు పైకి తెచ్చి ఆగిపోయింది. చుట్టూ తిరిగి వెనక నించి కూడా చూసింది.

"ఏమండీ, మెడ ఏదీ?"

"అక్కడే ఉండాలే."

"ఉంటే నేనెందుకడుగుతాను?"

అతను అద్దం ముందుకెళ్ళి చూసుకున్నాడు. భుజాలు చెవులదాకా వచ్చి, లోపలికి రావచ్చా అని అడుగుతున్నట్టున్నాయి. టైలరమ్మ పాత చొక్కా కాలరు పెట్టి చూస్తే అది ముక్కుని మూసేసింది. అతను పెద్దగా బాధపడలేదు. ఈ చలికి మఫ్లరు ఖర్చు తప్పిందన్నాడు.

బాధంతా మర్నాడు మొదలైంది. మెడ లేని మనిషి పక్కకి చూడాలంటే బీరువా తిప్పినట్టు ఒళ్ళంతా తిప్పాలి. డిపోలో బస్సు వెనక్కి తీస్తున్నాడు. వెనక్కి చూడ్డానికి తల తిరగలేదు. కండక్టరు ఆగన్నా ఆగన్నా అని అరిచాడు గాని, చెవులు భుజాల్లో దిగబడి ఉన్నాయి కాబట్టి వినపడలేదు. వెనక టీ బండి ఉంది. పొయ్యి, గిన్నె, గ్లాసులతో సహా బండి మొత్తం బస్సు వెనక కొక్కేనికి తగులుకుంది. బండివాడు కూడా దాంతోపాటే వచ్చాడు. బస్సు ఊరు చివరిదాకా పోయేసరికి వెనక సీటువాళ్ళు కిటికీలోంచి చేతులు చాచి వేడి వేడి టీ తాగుతున్నారు. ఇంత మంచి సర్వీసు ఎన్నడూ లేదని మెచ్చుకున్నారు కూడా.

డిపో మేనేజరు మెచ్చుకోలేదు. మీసాలు దువ్వుకుంటూ అతని చుట్టూ తిరిగి చూసి, ఇది బస్సయ్యా, ఎద్దు కాదు, వెనకాల ఏముందో దానంతటదే చూసుకోదు అన్నాడు. సెలవులన్నాళ్ళూ ఇంట్లో ఉండి మెడ తెచ్చుకో అన్నాడు. సెలవులైన మర్నాడు పొద్దున్న నువ్వు సీట్లో కూర్చో, నేను బస్సు వెనక నుంచుంటా, తల తిప్పి నా చేతిలో ఏముందో చెప్పు. చెప్పావా, బస్సు నీది. లేదా, టైర్ల షెడ్డు. రిటైరయ్యేదాకా పంక్చర్లు.

ఆ బస్సంటే మన డ్రైవరుకి ప్రాణం. దాని రెండో గేరు బుజ్జగిస్తే గాని పడదు. అది కుడివైపుకి లాగుతుంది, వానొస్తే వైపరు సగంలో ఆలోచనలో పడుతుంది. ఇంకొకళ్ళు ఎక్కితే బండి ఏడుస్తుందని అతని నమ్మకం. సరే అని ఇంటికొచ్చాడు. ఆ సరేతో ఇంకో వేలెడు పైకి లేచాయి భుజాలు.

టైలరమ్మ అతన్ని డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళింది. అక్కడ జనం బారులు తీరి ఉన్నారు. ఒకడు పొట్ట పట్టుకున్నాడు, ఒకడు తల పట్టుకున్నాడు, ఒకాయన వియ్యంకుడి చొక్కా పట్టుకున్నాడు. అందరిదీ సెలవుల జబ్బే. డాక్టరమ్మ ఇతన్ని నొక్కి చూసి, ఎముకలు బాగానే ఉన్నాయి, ఇదంతా టెన్షను, కండరాలు బిగిసిపోయాయి అంది. ఉప్పు తగ్గించాలి అంది, సరే అన్నాడు. తీపి మానెయ్యాలి అంది. సరే. పొద్దున్నే నడవాలి, ఎనిమిది గంటలు పడుకోవాలి, ఎవరి గొడవలూ నెత్తిన పెట్టుకోకూడదు. సరే, సరే, సరే. గదిలోకి వచ్చినప్పుడు చెవి తమ్మెలు కనపడ్డాయి. బయటికి వెళ్ళేటప్పుడు అవీ లేవు.

ఇంటికొచ్చేసరికి గుమ్మంలో పెద్దక్క, బావ, బావ వాళ్ళమ్మ దిగి ఉన్నారు. చలికి అక్క గడ్డం దాకా శాలువా కప్పుకుంది. బావ మఫ్లరు చుట్టు మీద చుట్టు చుట్టుకున్నాడు, లోపల మనిషున్నాడని కళ్ళజోడు చెప్తోంది. ముసలావిడ రెండు దుప్పట్లలో మూటలా ఉంది, ముక్కొక్కటే బయట. ఆవిడని మంచంతో సహా తెచ్చారు.

"ఒరేయ్, మెడ ఏం చేశావురా?" అంది అక్క, చిన్నప్పుడు పలక ఏం చేశావురా అన్నంత ఇదిగా.

సెలవంటే విశ్రాంతి అని మొదట ఎవడన్నాడో గాని, వాడికి చుట్టాలు ఉండి ఉండరు. అక్క ఆ పూటే నడుం బిగించింది. మెడ రప్పించే పూచీ నాది అంది. మొదట వేడి నూనె పట్టించింది. స్టూలెక్కి, తమ్ముడి భుజాల మీద మోచేతులతో పిండి పిసికినట్టు పిసికింది. నూనె కారి కారి నేలంతా జిడ్డయింది. ఎదురింటి కుక్క గుమ్మంలో కాలు పెట్టి, హాలు మీదుగా జారి, పెరటి తలుపులోంచి బయటికి పోయింది. దానికదేదో బాగున్నట్టుంది, చుట్టూ తిరిగొచ్చి మళ్ళీ జారింది. మెడ మాత్రం రాలేదు.

తర్వాత లాగడం. బావ తల పట్టుకున్నాడు, అక్క కాళ్ళు పట్టుకుంది. చేంతాడు లాగినట్టు లాగారు. మెడ కదల్లేదు గాని కాళ్ళు సాగాయి. పాంట్లన్నీ పొట్టివైపోయి, టైలరమ్మ ఊరి కోట్లన్నీ పక్కన పడేసి మొగుడి పాంట్ల అంచులు విప్పుకుంటూ కూర్చుంది. ఆ తర్వాత బావ పేపర్లో చదివి, గాలి గట్టిగా పీల్చి బిగబట్టు బావమరిదీ, టెన్షను ఎగిరిపోతుంది అన్నాడు. సరే అని బిగబట్టాడు. బావ పేజీ తిప్పి ఆటల వార్తల్లో పడ్డాడు. వదలమని ఎవరూ చెప్పలేదు. మనిషి వంకాయ రంగుకి తిరిగాక టైలరమ్మ చూసి, వదలండి మహానుభావా అంటే అప్పుడు వదిలాడు. ఆ గాలికి గోడ మీద కేలండరు మూడు నెలలు ముందుకెళ్ళింది.

వీటి మధ్యలో పనులు. ముసలావిడకి నీళ్ళు కాచాలి. ఆవిడ మంచం ఎండలో వెయ్యాలి. ఎండ జరిగితే మంచం జరపాలి, పొద్దుపోయేసరికి ఆ మంచం ఇంటి చుట్టూ పూర్తిగా తిరిగొస్తుంది. బావకి పేపరు తేవాలి, కుళాయి బిగించాలి, పాత ఫొటోలు అటక మీంచి దించాలి, మళ్ళీ ఎక్కించాలి. అక్క వేపుడు చేసి ఇంకొంచెం వెయ్యనా అంటుంది, మెడకి బలం అంటుంది. డాక్టరమ్మ వద్దందక్కా అనబోయి, సరే అంటాడు. పొట్ట ముందుకీ, భుజాలు పైకీ. పొద్దున్న నడవడానికని అరగంట కేటాయించుకుంటే, ఎలాగూ నడుస్తావుగా, పాలు తెచ్చెయ్, కుక్కని తిప్పెయ్, మా మేనత్త కూతురింట్లో ఈ గిన్నె ఇచ్చెయ్ అంటారు. రాత్రి పడుకుంటే తలగడ అక్కర్లేదు, భుజాలే తలగడ. నిద్ర మాత్రం పట్టదు. కళ్ళు మూస్తే టైర్లు కనపడుతున్నాయి.

టైలరమ్మ కుట్టుమిషను ముందుగదిలోనే ఉంది. ఆవిడ నోట్లో గుండుసూదులు పెట్టుకుని పని చేస్తుంది కాబట్టి పని ఉన్నంతసేపూ మాట్లాడదు, చూస్తుంది. గుడ్డ వెంట్రుకవాసి జరిగినా పట్టుకునే కన్ను ఆవిడది. తలుపు చట్రం పక్కన మొగుడు నుంచునే చోట, భుజం ఎత్తున సుద్దముక్కతో గీత పెట్టింది. అక్క అటకెక్కమంది, అతను సరే అన్నాడు, భుజం గీత దాటింది. ఇంకో గీత పెట్టింది. బావ చెప్పులు కుట్టించుకు రమ్మన్నాడు, సరే అన్నాడు, అదీ దాటింది. పూట గడిచేసరికి తలుపు చట్రం నిచ్చెనలా అయింది.

ఆవిడ సూదులు ఉమ్మేసి మొగుణ్ణి చెయ్యి పట్టుకుని తెర వెనక్కి లాగింది. బేరగాళ్ళు బట్టలు వేసి చూసుకునే చోటది.

"మీరు సరే అన్నప్పుడల్లా ఇవి లేస్తున్నాయండీ. ఇంక ఆ మాట అనకండి."

"సరే."

భుజాలు లేచాయి. ఇద్దరూ చూశారు.

కుదరదు అనడం నేర్చుకోండి అంది ఆవిడ. అతనికి ఆ మాట నోట్లో పట్టలేదు. చూద్దాంలే అన్నాడు, ఆలోచిద్దాం అన్నాడు, దగ్గాడు. ఆవిడ వదల్లేదు. కోట్లు తగిలించే బొమ్మని ఎదురుగా పెట్టి, దానితో చెప్పండి అంది. తల లేని బొమ్మ అది, ఏమీ అడగదు. దానితో కుదరదు అని గట్టిగా చెప్పి, పాపం ఏమనుకుందో అని దాని భుజం తట్టాడు. భుజాలు దారప్పోగంత దిగాయో లేదో. పోనీ నాతో అనండి అని ఆవిడే అడిగింది, ఈ సూదిలో దారం ఎక్కిస్తారా అని. అతను కళ్ళు మూసుకుని కుదరదు అన్నాడు. నిజంగానే వేలెడు దిగాయి. చెవి తమ్మెలు బయటికొచ్చి గాలి పీల్చుకున్నాయి. టైలరమ్మ సంతోషించాలి కదా, మూతి ముడుచుకుంది. దారం కూడా ఎక్కించలేరా అని ఆ పూటంతా మాట్లాడలేదు.

అలా చిన్నా చితకా వదిలించుకున్నాడు. ఎదురింటాయన మా పిల్లిని కూడా అంటే కుదరదన్నాడు. కండక్టరు అప్పు అడిగితే కుదరదన్నాడు. కండక్టరు, అన్నకి మెడతోపాటు మనసు కూడా పోయిందని డిపో అంతా చెప్పుకొచ్చాడు. గడ్డం కింద ఒక మడత కనపడింది. అంతే. ఇంకా బరువంతా అక్కడే ఉంది, ఎందుకంటే అక్క అక్కడే ఉంది. అక్కకి మాత్రం చెప్పలేడు. నడుం మీద మోసిన మనిషి. ఆవిడ నడుం ఇప్పటికీ అటు పక్కకి వంగే ఉంది, చూసినప్పుడల్లా తనే ఇంకా అక్కడ కూర్చున్నట్టుంటుంది అతనికి.

సెలవుల ఆఖరి రోజు వచ్చింది. తెల్లారితే మేనేజరు బస్సు వెనక నుంచుంటాడు. మధ్యాహ్నం అందరూ భోజనాలకి కూర్చున్నారు. అక్క వేపుడు గరిటె పట్టుకుని, గొంతు సవరించుకుంది.

"తమ్ముడూ, ఈ చలి తగ్గేదాకా ఇక్కడే ఉండిపోదామనుకుంటున్నాం. నువ్వూ ఇంట్లోనే ఉంటావుగా, నీకూ తోడుంటాం. ఏమంటావ్?"

టైలరమ్మ సుద్దముక్క పట్టుకుంది. అతను నోరు తెరిచాడు. అలవాటు పడ్డ నోరు, స అన్నంతవరకూ వచ్చేసింది. ఆ ఒక్క అక్షరానికే భుజాలు లేచి చెవులు దాటి, కణతలు దాటి, నెత్తి మీద ఒకదాన్నొకటి పలకరించుకునేలా ఉన్నాయి. కళ్ళ ముందు చీకటి. ఆ చీకట్లో టైర్ల షెడ్డు, ఎవడో కొత్తవాడు రెండో గేరుని బరబరా లాగుతున్న చప్పుడు.

"కుదరదు, అక్కా," అన్నాడు.

భుజాలు పడ్డాయి. దిగడం కాదు, పడ్డాయి. ఇత్తడి బిందె మెట్ల మీంచి పడితే ఎంత మోతో అంత మోత. అలమర్లో గ్లాసులు కింద పడ్డాయి, కుక్క మంచం కిందికి దూరింది, గోడ అవతలివాళ్ళు గ్యాసు పేలిందా అని అడుగుతూ వచ్చారు. ఆ రెండు భుజాల మధ్యలోంచి, ఇన్నాళ్ళూ ఎండ చూడని మెడ, ముల్లంగిలా తెల్లగా, నిటారుగా లేచి నుంచుంది.

అక్క గరిటె అలాగే పట్టుకుని తమ్ముణ్ణి చూస్తోంది. ఇంక తిడుతుంది, ఏడుస్తుంది, మంచంతో సహా వెళ్ళిపోతుంది అనుకుని అతను కొత్త మెడ వంచుకున్నాడు.

"ఇంకోసారి అనరా," అంది అక్క.

"కుదరదక్కా. రేపు నేను బస్సెక్కాలి. మీరుంటే నాకు ఊపిరాడట్లేదు."

అక్క మొగుడి వైపు తిరిగింది. "విన్నారా? వాడు కుదరదంటున్నాడు. ఇంక వెళ్దామా?" అంది. పెళ్ళిలో అప్పగింతలకి ఏడవాల్సినావిడ నవ్వాపుకోలేకపోతే ఎలా ఉంటుందో అలా ఉంది ఆ గొంతు.

అప్పుడు బయటపడింది సంగతి. అక్కకి రావాలని లేదు. ఈ చలిలో వాళ్ళింట్లో కాళ్ళు చాపుకుని కూర్చోవాలని ఉంది. కానీ అడక్కపోతే తమ్ముడు చిన్నబుచ్చుకుంటాడని ఏటా ఫోను చేసి రమ్మంటావా అంటుంది, ఈ మహానుభావుడు ఏటా సరే అంటాడు. ఇతను పిలిచాడు కదా అని అక్క బావని అడిగింది, పెళ్ళాం పుట్టింటి మీద బెంగ పెట్టుకుందేమోనని బావ సరే అన్నాడు. చలి తగ్గేదాకా ఉండటం ఎవరి ఆలోచన అంటే, బావది అని అక్క, అక్కది అని బావ.

బావ అన్నం ముందు కూర్చునే మఫ్లరు విప్పడం మొదలెట్టాడు. విప్పుతున్నాడు, విప్పుతున్నాడు, గుట్ట పడుతోంది. ఆఖరి చుట్టు విప్పితే కింద మెడ లేదు. అక్క శాలువా తీసింది. అక్కడా లేదు. ఇన్నాళ్ళూ ఇద్దరూ చలి చలి అంటూ దాచుకుని, తమ్ముడి మెడకి వైద్యం చేశారన్నమాట.

అందరూ ముసలావిడ వైపు చూశారు. ఆవిడ దుప్పట్లు తోసేసి, కొంగలాగా ఇంత పొడుగు మెడ బయటికి పెట్టింది.

"నాకెందుకు పోతుంది? సరే అనడానికి నన్నెవరడిగారు? పడుకున్నదాన్ని పడుకున్నట్టే ఎత్తుకొచ్చారు."

ఆ మధ్యాహ్నం ఆ ఇంట్లో జరిగింది చూసి తీరాలి. ఈ వేపుడు నాకు పడదు, పెళ్ళయిన కాడినించీ తింటున్నా, ఇంక కుదరదు అన్నాడు బావ. దభీమని ఆయన భుజాలు దిగాయి. మీరు పేపరు పైకి చదవడం ఇంక కుదరదు అంది అక్క. దభీ. నా జాకెట్లు ఊరికే కుట్టి పెట్టమనడం కుదరదు వదినా అంది టైలరమ్మ, ఆవిడకీ కాస్త లేచే ఉన్నాయని అప్పుడు గాని తెలియలేదు. నా మంచం ఇంక ఎండ వెంట తిప్పితే ఊరుకోను, నాకు నీడే ఇష్టం అంది ముసలావిడ. గోడ అవతలివాళ్ళు మోత లెక్కపెట్టడం మానేసి తలుపేసుకున్నారు. ఆ రాత్రి అందరూ చారన్నం తిని, చెప్పుకోడానికి ఫిర్యాదులేవీ మిగలక, పెందలాడే పడుకున్నారు. సరే డ్రైవరుకి టైర్లు కలలోకి రాలేదు.

తెల్లారి డిపోలో మేనేజరు బస్సు వెనక నుంచున్నాడు, రెండు చేతులూ పొట్ట దగ్గర ముడుచుకుని. డ్రైవరు సీట్లో కూర్చుని తల తిప్పాడు. కొత్తగా వచ్చిన మెడ కదా, ఎక్కడ ఆగాలో దానికింకా తెలీదు. ఎడమ భుజం దాటింది, వీపు దాటింది, కుడి భుజం మీంచి తిరిగొచ్చి మళ్ళీ ముందుకు చూసింది.

"సగం కొరికిన బిస్కెట్టు సార్," అన్నాడు. "డాక్టరమ్మ మీకూ తీపి మానమంది కదా."

మేనేజరు బిస్కెట్టు జేబులో వేసుకుని తాళం చెవి ఇచ్చాడు. ఇచ్చిన చేత్తోనే, జనం బాగా ఉన్నారయ్యా, ఇంకో రెండు ట్రిప్పులు అన్నాడు. ఒకటి వేస్తా, రెండోది కుదరదు అన్నాడు డ్రైవరు. మేనేజరు ఇంకా నోరు మూసేలోపే రెండో గేరు పడింది, బుజ్జగించకుండానే.

ఆ మొదటి ట్రిప్పులోనే అక్కా వాళ్ళు ఎక్కారు. ముసలావిడ మంచం బస్సు పైన, మంచం మీద ముసలావిడ. కింద కూర్చోమంటే కుదరదంది. అక్క డ్రైవరు వెనక సీట్లో కూర్చుని, శాలువా తీసి ఒళ్ళో మడత పెట్టుకుంది. వాళ్ళ ఊరు వచ్చింది. కండక్టరు మంచం దించుతున్నాడు. అక్క మెట్ల మీద ఆగి, అలవాటు చొప్పున వెనక్కి తిరిగింది.

"ఒరేయ్, ఎండాకాలం సెలవులకి నువ్వూ మరదలూ మా ఇంటికి రండి. నెల్లాళ్ళుండాలి."

అన్న మాట అనేశాక ఆవిడ భుజాలు కొంచెం లేవడం అందరూ చూశారు. కండక్టరు మంచం సగంలో ఆపేశాడు. డ్రైవరు సీట్లోంచి కదలకుండా మెడ ఒక్కటే తిప్పి, అక్కని నిండుగా చూశాడు.

"కుదరదక్కా. ఒక్కపూట వస్తాం. భోంచేసి వచ్చేస్తాం."

అక్క భుజాలు మెల్లగా దిగాయి.

"వేపుడు చెయ్యనులే," అని బస్సు దిగింది.